షావుకార్ల మేడలు: అద్దెకు తీసుకుంటే సరిపోతుందా?

సంపాదకుల వారికి నమస్కారం.

విజయనగరం, పార్వతీపురం, శ్రీకాకుళం వైపు ఒకప్పటి షావుకార్ల మేడల్లో ఇప్పటికీ కొన్ని ప్రభుత్వ కార్యాలయాలు అద్దెకి నడుస్తున్నాయి. అలా అద్దెకి తీసుకోవడాన్ని నేను తప్పుపట్టను. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు, 2022లో పార్వతీపురం మన్యం జిల్లా వచ్చినప్పుడు ఆఫీసులకి ఉన్నపళంగా చోటు కావలసి వచ్చింది. ఆఫీసు ఉండబట్టే కొన్ని మేడలు ఇన్నాళ్లు కూలకుండా నిలిచాయి కూడా. నా బాధల్లా అందులో చేరాక ఆ ఇంటిని పట్టించుకునేవాళ్లు లేకపోవడం గురించే.

భీమిలి, కళింగపట్నం రేవులు కళకళలాడిన రోజుల్లో గోగునార, నువ్వులు, బెల్లం వ్యాపారం చేసిన కుటుంబాల ఇళ్లివి. రంగూన్‌తో రాకపోకలున్న కాలం. బర్మా టేకు దూలాలు, గానుగ సున్నం గోడలు, వాన నీరు దిగే మండువా, గాలి తిరిగే ఎత్తయిన కప్పు. మన ఎండకి, ఉక్కకి తగ్గట్టు కట్టిన కట్టడాలు.

ఈమధ్య ఒక కాగితం పని మీద అలాంటి మేడలో ఉన్న ఆఫీసుకి వెళ్లి చాలాసేపు కూర్చోవాల్సి వచ్చింది. గోడకి నడుం ఎత్తు దాకా సిమెంటు పూత పూశారు. దానికి పైన పాత సున్నం బుడగలు కట్టి, తెల్లటి పొడిలా ఫైళ్ల మీద రాలుతోంది. ఒక అటెండరు పొద్దున్నే ఆ పొడి దులిపి, కట్టలను రెండో గోడకి జరుపుతున్నాడు. చెక్కడపు పని ఉన్న ద్వారబంధానికి మేకులు కొట్టి బోర్డు తగిలించారు. ఏసీ గొట్టం కోసం కిటికీ రెక్క కోసేశారు. దీపాలు పెట్టుకునే గూట్లో స్విచ్‌బోర్డు ఉంది.

వీటన్నిట్లోకీ పెద్ద నష్టం ఆ సిమెంటు పూతే. సున్నపు గోడ నేలలోంచి తేమ పీల్చి మళ్లీ గాలికి వదిలేస్తుంది. పైన సిమెంటు మెత్తితే తేమ బయటకి పోలేక ఇంకా పైకి ఎక్కుతుంది, దాంతోపాటే ఉప్పూ ఎక్కుతుంది. గోడలో దిగిన దూలం కొసలు పుచ్చిపోవడం అక్కడే మొదలవుతుంది. మిద్దె కారుతోందని పైన కాంక్రీటు పోస్తే ఆ బరువంతా పుచ్చిన దూలాల మీదే పడుతుంది. ఆఖరికి ‘శిథిల భవనం’ అని రాసేస్తారు. మంచి సున్నం, పని తెలిసిన మేస్త్రి ఉంటే ఇది సరిచేయగలిగిన పనే. అలాంటి మేస్త్రీలు తగ్గిపోయారన్నది నిజమే, కానీ పని ఇస్తేనే కదా వాళ్లు మిగిలేది!

బాగుచేయమంటే శాఖ వాళ్లు సొంత భవనం కాదంటారు. యజమానులు అద్దె చాలదంటారు. వాళ్ల మాటలోనూ నిజం ఉంది. అద్దె ఎంతన్నది ఆర్ అండ్ బీ ఇంజినీర్లు లెక్కగడతారు, ఆ లెక్కలో కట్టడం పాతబడేకొద్దీ విలువ తరుగుతుంది. వారసులు నాలుగు ఊళ్లలో ఉంటారు. 1960 నాటి పురావస్తు చట్టం ప్రభుత్వం రక్షిత కట్టడంగా ప్రకటించిన వాటికే వర్తిస్తుంది, ఈ మేడల ఊసు అందులో ఎక్కడిది? ఆఫీసు కొత్త భవనానికి మారిన రోజున మేడకి తాళం పడుతుంది, ఆ తర్వాత జేసీబీ వస్తుంది. 2020లో మూడు లాంతర్ల పాత స్తంభాన్ని తొలగించినప్పుడు విజయనగరం జనం ఎంత బాధపడ్డారో అందరికీ తెలుసు. అది నడిబజారులో ఉంది కాబట్టి కనిపించింది. వీధి లోపలి మేడ పోతే పక్కింటి వాళ్లకి తప్ప తెలియదు.

మన ఊళ్లో గురజాడ వారి ఇల్లు స్మారకంగా నిలిచింది. 1919లో మొదలైన సంగీత కళాశాల ఈనాటికీ నడుస్తోంది. పట్టించుకుంటే పాతవి నిలబెట్టుకోగలమని ఈ ఊరికి తెలియంది కాదు.

అందుకే రెండు మూడు పనులు అడుగుతున్నాను. అద్దె ఒప్పందంలోనే మరమ్మతుకి కొంత సొమ్ము విడిగా ఉంచి, సున్నపు గోడకి సున్నంతోనే పని చేయించాలని షరతు రాయాలి. గోడకి కన్నం పెట్టాలన్నా, కలప కోయాలన్నా ఇంజినీరు రాతపూర్వక అనుమతి ఉండాలి. నిలబెట్టుకునే యజమానికి ఆస్తిపన్ను తగ్గించాలి. రోడ్డు విస్తరణలో స్థలం పోయిన వాళ్లకి ఇస్తున్నట్టే టీడీఆర్ బాండ్లు, అంటే ఆ స్థలంలో కట్టుకునే హక్కుని వేరే చోట వాడుకోనిచ్చే లేదా అమ్ముకోనిచ్చే పత్రాలు, ఇవ్వాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆఫీసు ఖాళీ చేయకముందే ఆ మేడని ఏం చేయాలో తేల్చాలి. గ్రంథాలయం పెట్టవచ్చు. బొబ్బిలి వీణలు, పొందూరు ఖద్దరు అమ్మే చోటుగా మార్చవచ్చు. అద్దె యజమానికి ముడుతున్నంత కాలం ఆయన కూలగొట్టాలనుకోడు.

మూడు జిల్లాల కలెక్టర్లూ తమ పరిధిలో అద్దెకున్న పాత భవనాల జాబితా తయారు చేయించి, ఫొటోలతో సహా జనం ముందు పెట్టాలని కోరుతున్నాను. వచ్చే అద్దె ఒప్పందాల మీద సంతకాలు పడేలోపే ఆ పని జరగాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విజయనగరం