చుక్క కింద పడితే, లీకు పైన ఉండొచ్చు

సంపాదకులకు,

నాది 2003 మోడల్ మారుతి 800. 2018లో ఒకసారి, 2023లో ఇంకోసారి రిజిస్ట్రేషన్ రెన్యూవల్ చేయించుకుని నడుపుతున్నాను. మొన్న వేసవిలో మర్రిపాలెంలోని మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కారు కింద అరచేయంత నల్లటి ఇంజన్ ఆయిల్ మరక కనబడింది. అసోసియేషన్ వాళ్లు వాచ్‌మన్ చేత దాని మీద రంపపు పొట్టు పోయించి, నాకు కబురు పెట్టారు.

షెడ్డుకి తీసుకెళ్తే మెకానిక్ కుర్రాడు కింద దూరి, ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య తడి చూసి "వెనక క్రాంక్ సీలు పోయింది సార్. గేర్‌బాక్స్ దింపాలి, తొమ్మిది వేలవుద్ది" అన్నాడు. (ఇంజన్ ఇరుసు వెనక చివర ఆయిల్ కారకుండా ఆపే రింగు అది.) ఇంకో షెడ్డులో "పాత ఇంజన్ కదా, చిక్కటి ఆయిల్ పోసేద్దాం" అన్నారు. ఇద్దరిలో ఒక్కరూ బానెట్ ఎత్తలేదు.

ముప్పయ్యేళ్లు పంపుల దగ్గర ఫిట్టర్‌గా చేసినవాణ్ని. కారే చోటు వేరు, చుక్క పడే చోటు వేరు అని కొత్త కుర్రాళ్లకు చెప్పిందే నేను. తీరా నా కారు దగ్గరికొచ్చేసరికి, తొమ్మిది వేల టెన్షన్‌లో ఆ ముక్క రెండు రోజులదాకా నాకే తట్టలేదు.

మూడో రోజు ఇంజన్ చల్లారాక, తడవకూడని కరెంటు భాగాలైన డిస్ట్రిబ్యూటర్‌కీ ఆల్టర్నేటర్‌కీ ప్లాస్టిక్ కవర్లు చుట్టి, డీజిల్, బ్రష్‌తో జిడ్డంతా కడిగాను. గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనిచ్చి, మా ఆవిడ పౌడరు డబ్బా తెచ్చి ఇంజన్ మీద పల్చగా చల్లాను (డబ్బా సంగతి ఆవిడ ఇంకా మర్చిపోలేదు). సింహాచలం కొండెక్కి దిగి వచ్చి టార్చి వేస్తే, తెల్ల పౌడరు మీద నల్లటి చార ఒక్కటే. మొదలు ట్యాపెట్ కవర్ (ఇంజన్ నెత్తిన ఉండే రేకు మూత) అంచున. అక్కణ్నుంచి ఇంజన్ పక్కగా దిగి, గేర్‌బాక్స్ అతుకు దగ్గర చుక్క కడుతోంది. కింద నుంచి చూసినవాడికి క్రాంక్ సీలే అనిపిస్తుంది మరి.

కవర్ విప్పితే రబ్బరు ప్యాకింగ్ గట్టిపడి గాజుముక్కలా విరిగింది. కొత్తది మూడొందల లోపే. పాత ముక్కలు గీకి, రెండు అంచులూ తుడిచి బిగించాను. ఇక్కడ బలం చూపించకూడదు. అతిగా బిగిస్తే రేకు కవర్ వంగి మళ్లీ కారుతుంది. సిలికాన్ పేస్టు దట్టంగా పూస్తే పొంగిన ముక్కలు ఊడి లోపల పడి, ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం పడతాయి.

ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ పైపు కూడా విప్పి చూశాను. మడ్డితో సగం పూడిపోయి ఉంది. లోపలి గాలి పోయే దారి లేకపోతే ఆ ఒత్తిడి సందు దొరికిన చోటల్లా ఆయిల్‌ను బయటికి తోస్తుంది. దాన్ని శుభ్రం చేయకుండా ఎన్ని సీళ్లు మార్చినా డబ్బు దండగే.

అలాగని చిన్న లీకేలే అని వదలకూడదు. వేడి సైలెన్సర్ పైపు మీద పడితే పొగ, ఒక్కోసారి మంట. మూడు లీటర్లు కూడా పట్టని ఇంజన్‌లో అరలీటరు తగ్గడమంటే మాటలు కాదు. స్టీరింగ్ ముందు ఆయిల్ ఎర్ర దీపం వెలిగేదాకా ఆగకుండా వారానికోసారి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూపే పుల్ల) తీసి చూసుకోవాలి. ఇక సెల్లార్లో, రోడ్ల మీద పడ్డ ఆయిల్ వానకు గెడ్డల్లోకి, అక్కణ్నుంచి సముద్రంలోకి పోతోంది.

నాలాంటి పాత బళ్లవాళ్లు ఈ ఊళ్లో చాలామందే ఉన్నారు. కంచరపాలెం ఐటీఐ, పాలిటెక్నిక్‌లవాళ్లు నెలకో ఆదివారం కార్లు కడిగి, పౌడరు చల్లి, లీకు ఎక్కడో చూపించే శిబిరం పెడితే పిల్లలకు పని వస్తుంది, మాకు చేతి చమురు మిగులుతుంది. మీ పత్రిక ద్వారా ఈ మాట వారి చెవిన పడాలని కోరుతున్నాను. పౌడరు డబ్బాలు నేనిస్తాను.

- ఒక రిటైర్డ్ ఫిట్టర్, మర్రిపాలెం, విశాఖపట్నం