లెక్కను నోటితో చదివించండి

సంపాదకులకు నమస్కారం.

ముప్పై రెండేళ్లు ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేశాను. మా వీధిలో ఏడో తరగతి చదివే అమ్మాయి సాయంత్రాలు నా దగ్గరకు వస్తుంది. మొన్న 1/4 + 1/2 = 2/6 అని రాసింది. పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కలిపేసింది. తప్పని చెప్పకుండా, రాసింది చదవమన్నాను. "వన్ బై ఫోర్ ప్లస్ వన్ బై టూ" అంది. తెలుగులో చదవమంటే తెల్లబోయింది. "పావుకిలో పంచదారకు అరకిలో కలిపితే ఎంతమ్మా?" అన్నాను. "ముప్పావు కిలో" అని వెంటనే చెప్పింది. చెప్పి, తన నోటుపుస్తకంలోని 2/6 వైపు చూసి రబ్బరు అందుకుంది.

ఆ పిల్లకు కూడడం వచ్చు. కాగితం మీద ఉన్నవి పావు, అర అని మాత్రం తెలియలేదు.

ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో ఎదురెదురు పేజీల్లో ఇంగ్లీషు, తెలుగు అచ్చు వేస్తున్నారు. మంచి పని. కానీ లెక్క దగ్గరకు వచ్చేసరికి రెండు పేజీల్లోనూ అవే గుర్తులు. వాటిని తెలుగులో ఎలా పలకాలో చెప్పేవారు లేరు. 3/4ను మనం "నాలుగింట మూడు వంతులు" అంటాం. ముందు నాలుగు భాగాలు చేయాలి, ఆపైన మూడు తీసుకోవాలి. చేసే పని వరుసలోనే మాట నడుస్తుంది. 8 – 3 కూడా అంతే: "ఎనిమిదిలోంచి మూడు తీసివేయి". "సబ్‌ట్రాక్ట్ త్రీ ఫ్రమ్ ఎయిట్" అనే ఇంగ్లీషు వాక్యంలో మూడు ముందు వచ్చి ఎనిమిది వెనక్కి పోతుంది. అది విని 3 – 8 అని రాసిన పిల్లలను ఎందరినో చూశాను.

గుర్తులు మాటల్లోంచి పుట్టినవే. "సమానం" అని మళ్లీ మళ్లీ రాయలేక 1557లో వేల్స్ గణితవేత్త రాబర్ట్ రికార్డ్ రెండు సమాంతర రేఖలు గీశాడు. వాటికంటే సమానమైనవి మరే రెండూ ఉండవన్నాడు. మన భాస్కరాచార్యుడి బీజగణితంలో తెలియని రాశి పేరు "యావత్తావత్". రాతలో ఉత్త "యా".

కొత్త గుర్తు వచ్చిన చోటే దాన్ని చదివే తీరు కూడా తెలుగులో అచ్చు వేయమని పుస్తకాలు తయారుచేసే పెద్దలను వేడుకుంటున్నాను. ఉపాధ్యాయులు కూడా సమీకరణాన్ని పద్యంలా ఒక్కొక్కరి చేత పైకి చదివించాలి. (ఎ + బి)² అంటే "ఎ, బిల మొత్తానికి వర్గం". ఎ² + బి² అంటే "ఎ, బిల వర్గాల మొత్తం". ఈ రెంటినీ పక్కపక్కన పలికించిన రోజు నుంచి నా తరగతిలో మొదటిదాన్ని విప్పేటప్పుడు వచ్చే 2ఎబి మరిచిపోయేవారు బాగా తగ్గారు.

– ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయురాలు, తెనాలి