ఇకపై మా దుకాణంలో అచ్చమైన రాగి కేబుల్ మాత్రమే

నల్లగొండలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ మా చేత ఇంటికి నెట్‌వర్క్ పెట్టించుకున్న వారికి, పెట్టించుకోవాలని అడుగుతున్న వారికి ఒక మార్పు గురించి చెప్పాలి. బజారులో సీసీఏ అని పిలిచే కేబుల్‌ను, అంటే రాగి పూత పూసిన అల్యూమినియం తీగను, ఈ నెల నుంచి మేము అమ్మడం లేదు. ఇంతకాలం రెండు రకాలూ ఉంచి, తేడా చెప్పి, ఎవరికి ఏది కావాలంటే అది ఇచ్చేవాళ్లం. ఇక ఒక్క రకమే ఉంటుంది. దాని ధర సీసీఏకు రెండింతల పైనే. కాబట్టి మా అంచనా బిల్లు వేరే చోట చెప్పిన దానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. మీరు ఆ తేడా ఎందుకు కట్టాలో వివరంగా చెప్పడం నా బాధ్యత.

రెండు పెట్టెల మీదా ‘క్యాట్ 6’ (నెట్ కేబుల్ నాణ్యత స్థాయి పేరు) అనే రాసి ఉంటుంది. కానీ క్యాట్ 6 ప్రమాణం అడిగేది రాగి తీగనే. తేడా కనిపెట్టడం కష్టం కాదు. కేబుల్ కొస వొలిచి, లోపలి సన్నటి తీగను బ్లేడుతో గీకండి. రాగి అయితే ఎంత గీకినా ఎర్రగానే ఉంటుంది, సీసీఏ అయితే తెల్లగా బయటపడుతుంది. పెట్టెను ఎత్తి చూసినా తెలిసిపోతుంది, రాగిది బరువుగా ఉంటుంది.

సీసీఏతో చిక్కేమిటంటే, వేసిన రోజు అది బాగానే పనిచేస్తుంది. అల్యూమినియం పెళుసు. మలుపుల దగ్గర, కనెక్టర్ బిగించిన చోట కొన్నాళ్లకు విరుగుతుంది. కేబుల్‌లో ఎనిమిది తీగలు నాలుగు జతలుగా ఉంటాయి. వెయ్యి ఎంబీపీఎస్ వేగానికి నాలుగు జతలూ కావాలి, వందకు రెండు జతలు చాలు. అందుకే ఒక తీగ తెగినా నెట్ పూర్తిగా ఆగకపోవచ్చు, వెయ్యి నుంచి వందకు పడిపోయి నడుస్తూనే ఉంటుంది. మీరు 300 ఎంబీపీఎస్ ప్లానుకు నెల నెలా డబ్బు కడుతూ వంద మాత్రమే వాడుకుంటారు. తప్పు ప్లానుదో, కంపెనీదో అనుకుంటారు.

కెమెరాలు ఉన్న ఇళ్లలో ఇది ఇంకా తొందరగా బయటపడుతుంది. నెట్ కేబుల్ గుండానే కరెంటు తీసుకునే కెమెరా పగలంతా సరిగ్గా ఉండి, చీకటి పడగానే ఆగి ఆగి మొదలవుతుంటే ముందు కేబుల్‌నే చూడండి. రాత్రి చూపు కోసం లోపలి దీపాలు వెలిగితే కెమెరాకు ఎక్కువ కరెంటు కావాలి. రాగి కంటే నిరోధం, అంటే కరెంటుకు అడ్డుపడే గుణం, ఎక్కువున్న సీసీఏ తీగలో, దూరం కూడా పెరిగితే, కావలసినంత వోల్టేజీ అవతలి కొసకు చేరదు. మన వేసవిలో మిద్దె మీద పైపులు ఎంతగా కాలుతాయో మీకు తెలుసు, వేడికి ఆ నిరోధం ఇంకా పెరుగుతుంది. గోడ లోపల వేసిన తీగను మళ్లీ లాగడమంటే మీకూ ఖర్చే, మాకూ శ్రమే. చౌక సరుకు ఇచ్చి ఆ రోజుకు మీ మెప్పు పొందడం నాకు ఇష్టం లేదు.

ఇక ఎక్కువమంది అడిగే విషయం: ‘ప్లాన్ పెంచినా పై అంతస్తులో నెట్ రావడం లేదు, ఏం కొనాలి?’ కొనే ముందు రూటర్ ఎక్కడుందో చూడండి. ఫైబర్ ఏ మూల నుంచి ఇంట్లోకి వస్తే ఆ మూలనే, సజ్జ మీదో, టీవీ వెనకో, ఇనుప బీరువా పక్కనో పెట్టి వెళ్తారు. దానికీ పై గదికీ మధ్య ఇనుప చువ్వలతో నిండిన స్లాబు, పాత ఇళ్లలో అయితే మందపాటి రాతి గోడలు. 5 గిగాహెర్ట్జ్ సంకేతం వేగమైనదే కానీ వాటిని దాటలేదు. రూటర్ ఇచ్చే రెండో సంకేతం, 2.4 గిగాహెర్ట్జ్‌ది, కొంత నయం. అయితే ఇళ్లు దగ్గర దగ్గరగా ఉన్న వీధుల్లో అందరూ దాని మీదే ఉంటారు, ఒకదానికొకటి అడ్డురాని ఛానెళ్లు (సంకేతం నడిచే దారులు) అందులో మూడే: 1, 6, 11. ప్లాన్ పెంచితే స్లాబు పలచబడదు కదా!

రిపీటర్, అంటే వైఫై సంకేతాన్ని అందుకుని తిరిగి పంపే పెట్టె, కొనమని నేను సాధారణంగా చెప్పను. మామూలు రిపీటర్ ఒకే రేడియోతో వినాలి, తిరిగి పలకాలి, కాబట్టి వేగం దాదాపు సగమవుతుంది. దానికి బదులు పైకి ఒక్క కేబుల్ లాగి, అక్కడ ఇంకో వైఫై పెట్టె పెడితే ఏళ్ల తరబడి నిశ్చింత. ఆ పెట్టె కొత్తది కానక్కర్లేదు. మీ ఇంట్లో పక్కన పడేసిన పాత రూటర్ ఉంటే తీసుకురండి. దాని డీహెచ్‌సీపీ ఆపి, చిరునామా మార్చి, కేబుల్‌ను వ్యాన్ పోర్టులో (బయటి నెట్ వచ్చేది) కాకుండా ల్యాన్ పోర్టులో (ఇంట్లోని పరికరాలకు ఇచ్చేది) పెడితే సరిపోతుంది. డీహెచ్‌సీపీ ఆపడం ముఖ్యం: ఇంట్లోని ఫోన్లకు, కంప్యూటర్లకు చిరునామాలు పంచే పని ఒక్క పెట్టే చేయాలి. రెండు పంచితే నెట్ ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. ఈ సర్దుబాటుకు పని కూలి మాత్రమే తీసుకుంటాం.

కొన్ని పనులు మేము ఒప్పుకోము. కరెంటు తీగలున్న పైపులోనే నెట్ కేబుల్ దూర్చమంటే దూర్చము. మిద్దె మీది నుంచి పక్కింటికో, రోడ్డు దాటించో రాగి కేబుల్ వేలాడదీయము; ఉరుములు మెరుపుల కాలంలో అది రెండిళ్ల సామానుకూ ప్రమాదం. బావి దగ్గర మోటారు గదికి కెమెరా కావాలని రైతులు అడుగుతున్నారు. వంద మీటర్లు దాటితే రాగి కేబుల్ పనికిరాదు, అక్కడికి ఫైబర్ వేయాలి, లేదా చెట్లు అడ్డులేకుంటే ఎదురెదురుగా వైర్‌లెస్ పెట్టెలు బిగించాలి. ఖర్చు ఎక్కువే, ముందే చెబుతున్నాను.

పని అయ్యాక వైఫై పాస్‌వర్డు, రూటర్ లోపలి పాస్‌వర్డు రెండూ కాగితం మీద రాసి మీ చేతికిస్తాం, మా దగ్గర ఉంచుకోము. ఫోను నంబరును పాస్‌వర్డుగా పెట్టవద్దు. పోర్షన్లు అద్దెకిచ్చిన వారు అద్దెదారులకు గెస్ట్ నెట్‌వర్క్ (అదే రూటర్ మీద వేరే పేరుతో ఉండే వైఫై) విడిగా పెట్టించుకోండి. కనెక్షన్ మీ పేరు మీద ఉంటుంది, దాని మీద జరిగే ప్రతిదానికీ ముందు మిమ్మల్నే అడుగుతారు.

ఎండాకాలంలో మిద్దె మీది పని పొద్దున్నే మొదలుపెట్టి, ఎండ ముదరకముందే ఆపేస్తాం. పనివాళ్ల ఆరోగ్యం కోసం ఈ నియమం, దీని వల్ల ఒక రోజు పని రెండు రోజులు పట్టవచ్చు.

కొత్త ఇల్లు కడుతున్న వారు స్లాబు వేసే ముందే ఒకసారి ఫోను చేయండి. ప్రతి గదికీ ఒక ఖాళీ పైపు, కింది నుంచి పైకి ఒకటి, కరెంటు పైపులకు దూరంగా ఎక్కడ వేయాలో మీ మేస్త్రికి గీసి ఇస్తాం. దానికి డబ్బు తీసుకోము. కేబుల్ తర్వాత ఎవరి దగ్గరైనా కొనుక్కోవచ్చు, బ్లేడుతో గీకి చూసి కొనండి.