నాయన బీడీల లెక్క

హ్యూస్టన్,
ఆదివారం రాత్రి

అన్నా,

నమస్కారం. అమ్మ మోకాళ్లు ఎట్లున్నాయని వదినను అడిగితే "అట్లనే ఉన్నాయి" అంది. అమ్మను అడిగితే "బాగున్నా, నువ్వు తిన్నావా" అంటుంది. మందులు వేసుకుంటోందో లేదో నువ్వే ఒకసారి చూడు.

మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. అప్పుడు షెడ్డులో బండి రోలర్ల మీద అరుస్తా ఉంది, నీ మాట సగమే వినపడింది. అయినా లెక్కలు ఫోన్లో చెప్తే నిలవవు. అందుకే కూర్చుని రాస్తున్నా.

ఎవరో మెకానిక్ నలభై వేలకు మన లారీకి ఒక చిన్న డబ్బా బిగిస్తానన్నాడు, 40 హార్స్‌పవర్ పెరుగుతుందన్నాడు. అంతే కదా? గుర్రం వెయ్యి రూపాయలు పడింది, చవకే. కానీ 40 అని అతను దేంతో కొలిచినాడు? ముందు ఎంత ఉండేదో చెప్పినాడా?

మా షెడ్డులో బండి పవర్ కొలిచే మిషన్, డైనో ఉందని చెప్పినా కదా. నేలలో పెద్ద ఇనుప రోలర్లు ఉంటాయి. బండి వెనక టైర్లు వాటి మీదికి ఎక్కించి, ఛాసిస్‌ను బెల్టులతో నేలకు కట్టేస్తాం. గేర్‌బాక్స్ వేగాన్ని తగ్గించకుండా, పెంచకుండా ఉండే గేరు వేసి, యాక్సిలరేటర్ అడుగంటా తొక్కుతాం. టైర్లు రోలర్‌ను ఎంత బలంగా, ఎంత వేగంగా తిప్పుతున్నాయో చూసి కంప్యూటర్ గీత గీస్తుంది. ఆ బలమే టార్క్. ఇక్కడివాళ్లు దాన్ని పౌండ్లు, అడుగుల్లో చెప్తారు. దాన్ని ఆర్పీఎంతో, అంటే ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లతో గుణించి 5252తో భాగిస్తే హార్స్‌పవర్ వస్తుంది.

ఇంత పెద్ద మిషన్‌తో కూడా అబద్ధం చెప్పించొచ్చు. చెప్పించినోణ్ణి నేనే. చేరిన రెండో నెలలో ఒక రైతు తన పికప్ ట్రక్కు తెచ్చినాడు, గాలి పైపు, పొగ గొట్టం మార్చమని. మార్చకముందు కొలిచినప్పుడు ఇంజిన్ మంచి వేడి మీద ఉంది, బానెట్ మూసుంది. సామాను బిగించేసరికి సాయంత్రమైంది. ఇంజిన్ చల్లారింది, బానెట్ తెరిచే ఉంది, ఎదురుగా మనిషంత ఫ్యాను తిరుగుతోంది. అట్లనే కొలిచినా. 18 పెరిగింది! కాగితం ఆయన చేతిలో పెట్టి చెయ్యి కూడా కలిపినా. మా ముసలి మేస్త్రీ వచ్చి, ఒక్క మాట అనకుండా బానెట్ దబ్బున మూసి, ఇంజిన్ వేడెక్కనిచ్చి, వరసగా మూడుసార్లు పరుగు తీయించినాడు. తేలింది 5. "మిగతా 13 నీ ఫ్యానువి, అతనికి ఫ్యాను కూడా ఇచ్చి పంపు" అన్నాడు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

అప్పటినుంచి మార్చకముందు మూడుసార్లు, మార్చినాక మూడుసార్లు కొలుస్తా. అదే రోజు, అదే మిషన్, టైర్లలో అదే గాలి, బెల్టుల్లో అదే బిగువు. ఏమీ మార్చకపోయినా ఒక పరుగుకూ ఇంకో పరుగుకూ రెండు మూడు హార్స్‌పవర్ తేడా వస్తానే ఉంటుంది. కాబట్టి 4 పెరిగిందని ఎవరైనా అంటే నేను పెరగలేదనే రాస్తా.

కాగితం మీద చేసే మాయలు వేరే ఉన్నాయి. వేడి గాలి పలచన, చల్లగాలి చిక్కన కదా, అందుకని కంప్యూటర్ వాతావరణాన్ని బట్టి అంకెను సర్దుతుంది. కొత్త పద్ధతి 25 డిగ్రీల గాలికి సర్దుతుంది, పాత పద్ధతి 15 చిల్లర డిగ్రీల గాలికి. పాత పద్ధతిలో అంకె దాదాపు నాలుగు శాతం ఎక్కువ వస్తుంది. ముందుది కొత్త పద్ధతిలో, తర్వాతది పాత పద్ధతిలో అచ్చు తీస్తే 300 కాస్తా 312 అవుతుంది. బండికి స్పానర్ తగలక్కర్లేదు. ఇంకొకటి, మేము కొలిచేది టైర్ల దగ్గర, కంపెనీ రాసేది ఇంజిన్ దగ్గర. మధ్యలో గేర్‌బాక్స్, షాఫ్టు, వెనక ఇరుసు హౌసింగ్ కొంత తింటాయి. టైర్ల దగ్గర 340 వస్తే, దారిలో 15 శాతం పోయిందనుకుంటే ఇంజిన్‌కు 400, 20 శాతం పోయిందనుకుంటే 425. అనుకోవడంలోనే 25 గుర్రాలు ఈనినాయి చూడు.

ఇక ఆ డబ్బా సంగతి. నీది బీఎస్-4 పొగ రూలు కింద వచ్చిన బండి. డీజిల్ ముందు రైలు అనే గొట్టంలో మంచి ప్రెషర్‌తో నిలబడి, అక్కణ్ణుంచి ఇంజెక్టర్లకు పోతుంది. ఇట్లాంటి డబ్బాలు ఎక్కువ భాగం రైలు ప్రెషర్ చూసే సెన్సారుకూ బండి కంప్యూటర్‌కూ మధ్యన కూర్చుంటాయి. ప్రెషర్ తక్కువుందని కంప్యూటర్‌కు చాడీ చెప్తాయి. అది నమ్మి ప్రెషర్ పెంచుతుంది, డీజిల్ ఎక్కువ పడుతుంది. పవర్ పెరుగుతుంది, కాదనను. కానీ డైనో మీద పరుగు పదిహేను సెకన్లు. నువ్వు సిమెంటు లోడుతో గువ్వలచెరువు ఘాట్ ఎక్కేది నిమిషాల తరబడి, అదీ మే నెల ఎండలో. పదిహేను సెకన్లు తట్టుకున్న పిస్టన్ అంతసేపు తట్టుకుంటుందని ఎవరు రాసిస్తారు? మేము ఇంజిన్‌లోకి గాలి తోసే టర్బోకు ముందు, పొగ పోయే దారిలో వేడి కొలిచే ముల్లు పెడతాం. 700 డిగ్రీలు దాటుతోందంటే కాలు తీసేస్తాం. ఆ మెకానిక్ ముల్లు పెడతాడా? నల్ల పొగ వస్తే "బండి పవర్ మీదుంది" అంటారు మనోళ్లు. అది కాలకుండా పోతున్న నీ డీజిల్ అన్నా.

ఇంకో మాట, వాళ్లు చెప్పే 40 ఏ ఆర్పీఎం దగ్గర? 2400 దగ్గరైతే నీకు దండగ. ఘాట్‌లో నీ ఇంజిన్ 1500 చుట్టూ గదా ఉండేది.

మనకు డైనో లేదు, ఘాట్ ఉంది. నాయన టాటా 1210 నడిపేటప్పుడు కింద బీడీ ముట్టించేవాడు, గుర్తుందా? పైకి చేరేసరికి మూడో బీడీ అయిపోయేది. ఒకసారి డీజిల్ పంపు పని చేయించి వచ్చి "ఈ పొద్దు రెండే బీడీలురా" అని అమ్మకు గొప్పగా చెప్పినాడు. లోడు సగమే వేసుకున్నాడని క్లీనర్ తర్వాత చెప్పినాడులే. అయినా పద్ధతి తప్పు కాదు.

ఒక మెట్రిక్ హార్స్‌పవర్ అంటే 75 కిలోలను ఒక్క సెకనులో ఒక మీటరు ఎత్తడం. మన లెక్కలో సిమెంటు బస్తాన్నర. బండీ లోడూ కలిపి 25 టన్నులు, నువ్వు 100 మీటర్ల ఎత్తును 300 సెకన్లలో ఎక్కినావనుకో. 25,000ను 100తో గుణించి, 300తో, మళ్లీ 75తో భాగించు. 111 వస్తుంది. అదే 280 సెకన్లలో ఎక్కితే 119. టైర్ల రాపిడి, ఎదురుగాలి ఇందులో లేవు, కానీ రెండుసార్లూ అవి ఇంచుమించు అంతే కాబట్టి తేడా తెలుస్తుంది. ఎత్తు సరిగ్గా తెలియకపోయినా ఫర్వాలేదు, కొండ పెరగదు కదా. అతని 40 నిజంగా టైర్లకు చేరితే 300 సెకన్ల దారి సుమారు 220కు దిగాలి. దిగితే అప్పుడు నలభై వేల సంగతి మాట్లాడదాం.

డబ్బా కంటే ముందు ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడు. ఎర్రగుంట్ల ఫ్యాక్టరీ గేటు ముందు గంటలు గంటలు ఆ దుమ్ములో నిలబడే బండి అది. ఫిల్టర్ మూసుకుపోయుంటే కొత్తది వేస్తేనే బండి లేస్తుంది, ఆ లేచిందంతా డబ్బా ఖాతాలో రాసుకుంటాడు అతను. డీజిల్ ఫిల్టర్ కూడా మార్చు. టర్బో నుంచి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు పోయే రబ్బరు పైపుల మీద సబ్బు నీళ్లు రుద్దించు, ఇంజిన్ రేజ్ చేసినప్పుడు బుడగలొస్తే అక్కడ గాలి పోతున్నట్టు.

ఇవి చేయించి, తెల్లవారుజామున రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, రెండు కిలోమీటరు రాళ్లు గుర్తు పెట్టుకుని మూడు ట్రిప్పులు కొలిపించు. మొదటి రాయి దగ్గరకు వచ్చేటప్పటికి వేగం ప్రతిసారీ ఒకటే ఉండాలి, గేరు అదే ఉండాలి. టైము క్లీనర్ చూస్తాడు, నువ్వు రోడ్డు చూడు. కాటా చీటీలు, టైములు వాట్సాప్‌లో పెట్టు. లెక్క నేను కడతా.

పైకెక్కినాక బండి ఎట్లాగూ ఆపుతావు కదా, అర కిలో పాలకోవా కొని వదినకివ్వు. వచ్చే నెల మా రూమ్మేట్ ఊరికొస్తున్నాడు, అతని చేత పంపండి. గట్టిగా కట్టమని చెప్పు, పోయినసారి సంచిలో బట్టలకంతా నెయ్యి పట్టింది.

నీ తమ్ముడు