ప్రసంగ పాఠం ఎవరి చేతుల మీదుగా వచ్చింది?

సభ్యులందరికీ నమస్కారం. స్త్రీవాద వక్తృత్వం, ఉద్యమాల మీద పీజీ స్థాయిలో పరిశోధన మొదలుపెట్టినవారు, ఏ ప్రసంగాన్నయినా విశ్లేషించే ముందు దాని పాఠం మన దాకా ఎవరి ద్వారా వచ్చిందో పరిశీలించాలని కోరుతున్నాను. 1851లో అమెరికాలోని ఆక్రన్‌లో జరిగిన మహిళా హక్కుల సభలో, బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతి వక్త సోజర్నర్ ట్రూత్ చేసిన ప్రసంగమే చూడండి. ఆ ఏడాదే మారియస్ రాబిన్సన్ పత్రికలో అచ్చువేసిన పాఠంలో, నేడు అందరికీ తెలిసిన "నేను ఆడదాన్ని కానా?" అన్న పల్లవి లేనే లేదు, అది 1863లో, ఆ సభకు అధ్యక్షత వహించిన ఫ్రాన్సిస్ గేజ్ రాసిన పాఠంలో కనిపిస్తుంది. న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టి, డచ్ మాతృభాషగా పెరిగిన ట్రూత్ చేత గేజ్ దక్షిణాది బానిసల యాసలో మాట్లాడించింది. బానిసత్వాన్ని నిజాయితీగా వ్యతిరేకించిన తెల్లజాతి స్త్రీ సైతం నల్లజాతి స్త్రీ గొంతును తన ఊహకు తగినట్లు దిద్దగలదన్నది, నా దృష్టిలో, ఆ ప్రసంగంలోని అలంకారాలన్నిటికంటే విలువైన పరిశోధనాంశం. 1848లో సెనెకా ఫాల్స్ మహిళా హక్కుల సభ వెలువరించిన ప్రకటనతో ఇంత చిక్కు లేదు. అది అమెరికా స్వాతంత్ర్య ప్రకటన నమూనాను బాహాటంగానే అనుసరించింది. వచ్చే చర్చకు ట్రూత్ ప్రసంగపు రెండు పాఠాలనూ పక్కపక్కన పెట్టుకుని చదివి రండి. కార్యకర్తలను ఇంటర్వ్యూ చేస్తున్నవారు, వారి మాటల రాతప్రతిని వారికి చూపించిన తరువాతే ఉటంకించండి.