లాల్‌బాగ్ చూసొచ్చి చెప్పు

చి. అమ్మలూ,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. వానలు తెరిపిచ్చాయి, మన నర్సరీలో మొక్కల లారీల లోడింగ్ మళ్ళీ మొదలైంది.

బెంగళూరులో ఉంటూ లాల్‌బాగ్ తోట చూడవేమే అంటే, మొన్న ఫోన్లో "లాల్‌బాగ్‌లో ఏముంది నాన్నా, చెట్లే కదా" అన్నావు. కడియపులంకలో కుండీల మధ్య పెరిగిన పిల్ల అనాల్సిన మాటేనా అది! ఫోన్లో చెప్పబోతే నీకు మధ్యలో ఏదో మీటింగ్ వచ్చిపడుతుంది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

హైదర్ అలీ 1760లో మొదలుపెట్టినప్పుడు అది రాజుగారి తోట. కర్ణాటకలోనే సిరా అనే ఊళ్ళో మొగలుల తోట చూసి అలాంటిది తనకీ కావాలనుకున్నాడట. కొడుకు టిప్పు దాన్ని పెంచాడు. పర్షియా, అఫ్ఘానిస్తాన్, మారిషస్‌ల నుంచి విత్తనాలు, మొక్కలు తెప్పించాడు. 1799లో టిప్పు పోయాక తోట ఇంగ్లీషువాళ్ళ చేతుల్లో పడింది. 1856లో ప్రభుత్వ బొటానికల్ గార్డెన్ అయింది. ఇప్పుడు 240 ఎకరాలు.

నాకు ఇష్టమైన కథ ఆ తర్వాతది. లండన్ దగ్గర క్యూ అనే చోట ఉన్న బొటానికల్ గార్డెన్‌లో పని నేర్చుకున్న మనుషులు ఒకరి తర్వాత ఒకరు అక్కడికి వచ్చారు. వాళ్ళు చేసింది మన పనే. ఎక్కడిదో ఒక మొక్కని తెచ్చి, ఆ మట్టికి నిలుస్తుందో లేదో చూడటం, నిలిస్తే పెంచి నలుగురికీ పంచడం. ఆ రోజుల్లో ఓడలో మొక్క రావాలంటే ఉప్పుగాలి తగలకుండా అద్దాలు బిగించిన చెక్కపెట్టెలో పెట్టేవారు. మనం వరిగడ్డి చుట్టి బెంగళూరు పంపితేనే దారిలో ఎన్నో వాడిపోతాయి కదా, నెలల తరబడి సముద్రం మీద ఎన్ని మిగిలేవో! 1874లో వచ్చిన జాన్ కామెరాన్ అనే ఆయన తెచ్చినవాటిలో ఒకటి మీ అమ్మ పెసరపప్పు వేసి వండే బెంగళూరు వంకాయ. నువ్వు పళ్ళెం అంచుకి నెట్టేసే కూరకి మూలపురుషుడు ఆయనేనన్నమాట.

గాజు మేడ కూడా ఆయన హయాంలోదే. 1889లో విక్టోరియా రాణి మనవడు ఆల్బర్ట్ విక్టర్ వచ్చి పునాదిరాయి వేశాడు. పోత ఇనుము గ్లాస్గో నుంచి వచ్చింది. ఏటా జనవరి 26కి, ఆగస్టు 15కి పూల ప్రదర్శన అందులోనే. గులాబీలతో గుడి కట్టడం, కోట కట్టడం, జనం సెల్ఫీల కోసం తోసుకోవడం. పూల వ్యాపారానికి మంచిదేలే, కాదనను. కానీ నువ్వు ఆ రోజుల్లో వెళ్ళకు, చెట్టు కనపడదు, తలకాయలే కనపడతాయి.

1908లో క్రుంబిగల్ అనే జర్మనీ దేశస్థుడు వచ్చాడు. మీ ఆఫీసు దారిలో ఒక నెల గులాబీ రంగు టబేబుయా, అది రాలేసరికి ఊదారంగు జకరాండా, ఎండలు ముదిరాక ఎర్రటి తురాయి, ఇలా వరసగా పూస్తాయి చూడు, ఏడాదంతా రోడ్డు మీద ఏదో ఒక పువ్వు ఉండాలన్న ఆ ఆలోచన ఆయనదంటారు. అంత చేసిన మనిషి పేరు పెట్టిన పాత హాలు 2017లో వానలకి కూలింది. చెట్లకి ఉన్నపాటి ఓపిక మన గోడలకి లేదు.

పొద్దున్నే మెట్రో ఎక్కి లాల్‌బాగ్ స్టేషన్లో దిగు. ముందు ఆ పెద్ద తెల్లబూరుగు దగ్గరికి వెళ్ళు. చెట్టు మొదలు దగ్గర వేళ్ళు పలకల్లా లేచి, మడతలు తిరిగి ఉంటాయి. రెండు పలకల మధ్య మనిషి దూరి నిలబడొచ్చు. మేం కుర్రాళ్ళుగా మొక్కల లారీతో వెళ్ళినప్పుడు, లోడు దింపి, ఆ వేళ్ళ సందులోనే కూర్చుని పులిహోర తిన్నాం. అరచేత్తో తడితే లోపల డొల్లగా మోగదు, గట్టిగా ఉంటుంది. చెట్టు ఆరోగ్యం చూసే పద్ధతి నీకు చిన్నప్పుడే నేర్పాను, మర్చిపోలేదుగా?

తర్వాత గుట్ట ఎక్కు. పైన బెంగళూరుని కట్టించిన కెంపెగౌడల కాలం నాటి చిన్న మండపం ఉంటుంది, అందరూ దాని ఫోటోనే తీస్తారు. నువ్వు కాళ్ళకింద చూడు. ఆ రాతి వయసు 300 కోట్ల సంవత్సరాలు. భూగర్భ శాఖవాళ్ళు దాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించి బోర్డు పెట్టారు. ఎండెక్కితే కాళ్ళు కాలతాయి, ఎనిమిది లోపే ఎక్కేసెయ్. చెరువు, పూల గడియారం కూడా ఉన్నాయి, ఓపికుంటే చూడు.

టిఫిన్‌కి పక్కనే ఎమ్‌టీఆర్ హోటల్ ఉంది కానీ ఆదివారం లైను చాంతాడంత ఉంటుంది. ఆకలికి ఆగలేని దానివి, బ్యాగులో రెండు అరటిపళ్ళు వేసుకో.

ఒక పని చెప్తాను, విసుక్కోకు. లోపల నర్సరీవాళ్ళ సహకార సంఘం అమ్మకాలు ఉంటాయి. మందారం అంట్లు ఏ సైజు కవర్లో పెట్టారో, రేటెంతో కనుక్కుని ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు. మట్టిలో కొబ్బరిపొట్టు ఎంత కలిపారో కూడా వేలు పెట్టి చూడు. మనవాళ్ళ కంటే తక్కువకి ఇస్తున్నారని ఇక్కడ ఒకాయన వాదిస్తున్నాడు, నాకు నమ్మకం లేదు.

ఉంటాను,
మీ నాన్న