మీరిచ్చిన మధ్యాహ్నానికి కృతజ్ఞతలు

బాబాయిగారూ, నిన్న కిందికి దిగగానే మీకు చెప్పవలసిన మాటలివి. అప్పుడు గొంతు పెగలలేదు. మీ చేతులు రెండూ పట్టుకుని ఊరుకున్నాను. అందుకే ఇప్పుడు అందరి ముందూ రాస్తున్నాను.

నాకు 17 ఏళ్లు. నిన్న మొదటిసారి గ్లైడర్‌లో ఎగిరాను. 23 నిమిషాలు గాలిలో ఉన్నాను.

మైదానానికి రావడం అది మూడోసారి. మొదటి రెండుసార్లూ కంచె దగ్గర నిలబడి చూసి వెళ్లిపోయాను. ఇంజిను లేనిది పైకి ఎలా పోతుంది, పోయినది పైన ఎలా నిలుస్తుంది అన్న భయం నన్ను నోరు విప్పనివ్వలేదు. నిన్న అన్నయ్య ఒకరు నన్ను గమనించారు. "భయపడకు" అనలేదు. "ఇలా రా, ఈ రెక్క పట్టుకో" అన్నారు. ఆ మాటకు ఆయనకు ఎంత రుణపడి ఉన్నానో చెప్పలేను. ఏఎస్‌కే 21 అనే ఆ గ్లైడర్ రెక్కలు ఈ కొన నుంచి ఆ కొనకు 17 మీటర్లు. పొట్ట కింద చక్రాలు ఒకే వరుసలో ఉంటాయి గనుక ఊరికే నిలబెడితే ఒక రెక్క నేలకు వాలిపోతుంది. బయలుదేరే ముందు ఎవరో ఒకరు కొన పట్టుకుని సమంగా ఉంచాలి, కొన్ని అడుగులు వెంట పరుగెత్తాలి. "బిగించి పట్టుకోకు, అరచేతిలో ఆననివ్వు. దానికి నీ అవసరం తీరిపోయిందని నీ చేతికే తెలుస్తుంది" అన్నారు. నిజంగానే తెలిసింది. నాలుగో అడుగులోనో ఐదో అడుగులోనో చేతి మీది బరువు మాయమవుతుంది, రెక్క తనంతట తాను నిలుస్తుంది. మధ్యాహ్నం లోపల అలా తొమ్మిదిసార్లు పరుగెత్తాను. ఎన్ని ధైర్యవచనాలు విన్నా పోని భయం ఆ తొమ్మిది పరుగుల్లో పోయింది.

నిన్న ఎగరడానికి సిద్ధంగా ఉన్నది ఒక్క గ్లైడరే. జాబితాలో నా పేరు అందరికన్నా చివర, సాయంత్రం ఐదున్నరకు. మీ వంతు రెండున్నరకు. మీరు పెన్సిలు తీసి రెండు పేర్లూ తారుమారు చేశారు. నేను వద్దంటే, అక్కడే కూర్చోబెట్టి ఎందుకో చెప్పారు. ఎండకు నేలంతా ఒకేలా వేడెక్కదు. దున్నిన పొలం, బండనేల త్వరగా కాగుతాయి. చెరువు, చెట్ల గుంపు నిదానిస్తాయి. కాగిన చోట గాలి తేలికై పైకి లేస్తుంది. ఆ లేచే గాలే థర్మల్, దాని నెత్తిన కట్టేవే ఆ తెల్లటి దూది మబ్బులు. పొద్దు వాలితే అదంతా అణిగిపోతుంది. "మొదటిసారి ఎగిరేవాళ్లు లేచే గాలిలో ఎగరాలి" అన్నారు. వారమంతా ఆ మధ్యాహ్నం కోసం ఎదురుచూసింది మీరు.

నా బరువు ముందు సీటుకు చాలలేదు. చాలకపోతే గ్లైడర్ తూకం తప్పుతుందట. సీసపు దిమ్మలు మోసుకొచ్చి బిగించిన ఇద్దరికీ నమస్కారం. శిక్షకుడు గారు నన్ను కళ్లు మూసుకోమని ఒక్కొక్క పిడినీ తాకించారు. పసుపు పచ్చది మమ్మల్ని పైకి లాగే కేబుల్ విడిచేందుకు, నీలం దిగేటప్పుడు రెక్కల మీద తెరుచుకునే ఎయిర్‌బ్రేకులకు, ఆకుపచ్చ ముక్కు వాలును నిలిపి ఉంచే ట్రిమ్‌కు, ఎర్రది ఆపదలో తలపైని పారదర్శకపు మూత విసిరేసేందుకు. మైదానం ఆ చివర వించ్, అంటే కేబుల్ చుట్టి గ్లైడర్‌ను లాగే యంత్రం, నడిపిన అక్క ముఖం ఎగిరేముందు నేను చూడనే లేదు. రేడియోలో గొంతు విన్నాను, అంతే. కేబుల్ బిగిసింది, వీపు సీటుకు అతుక్కుపోయింది, కళ్ల ముందు ఆకాశం తప్ప ఇంకేమీ లేదు. పైన టక్కుమని కేబుల్ విడిపోయాక సన్నటి గాలి చప్పుడొక్కటే మిగిలింది.

మూత మీద, సరిగ్గా నా కళ్లకెదురుగా, జానెడు ఎర్ర ఉన్ని దారం అంటించి ఉంది. ఎంత ఖరీదైన గ్లైడర్‌కైనా ఆ దారం ఉంటుందట. 1902లో రైట్ సోదరులు తమ గ్లైడర్‌కూ కట్టుకున్నారట. గ్లైడర్ పక్కకు జారకుండా పోతుంటే దారం మధ్యలో నిలుస్తుంది. దాని తోక కుడికి పోతే ఎడమ కాలి పెడల్ నొక్కాలి, ఎడమకు పోతే కుడి కాలిది. "అమ్మా, పిడికిలి విప్పు. బొటనవేలు, చూపుడువేలు చాలు" అని వెనుక నుంచి శిక్షకుడు గారి గొంతు. గ్లైడర్‌ను నడిపే స్టిక్ నా రెండు వేళ్ల మధ్యకు వచ్చింది. దారం వణికింది, పక్కకు పోయింది, మళ్లీ మధ్యకు వచ్చి నిలిచింది. ఆ నిలిపింది నేను!

కాసేపటికి ఎడమ రెక్కను కింద నుంచి ఎవరో ఎత్తినట్టయింది. పైకి లేస్తున్నామో దిగుతున్నామో చెప్పే వేరియోమీటర్ కూత హెచ్చింది. "లేచిన రెక్క వైపే తిరుగు" అన్నారు. మాకన్నా కాస్త పైన ఒక గద్ద ఎడమకే చుట్లు తిరుగుతోంది. ముందుగా ఉన్నవాళ్లు ఎటు తిరిగితే వెనుక వచ్చినవాళ్లూ అటే తిరగాలన్నది గ్లైడర్లవాళ్ల నియమం. గద్దకూ ఆ మర్యాద ఇచ్చాం. అది తల వంచి మమ్మల్ని చూడటం నేను చూశాను. 350 మీటర్ల దగ్గర మొదలుపెట్టి 900 దాకా లేచాం. బాబాయిగారూ, మీరు చెప్పిన దున్నిన పొలం సరిగ్గా మా కిందే ఉంది.

దిగేటప్పుడు శిక్షకుడు గారు మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. ఇంజిను లేదు గనుక మళ్లీ చుట్టి రావడం కుదరదు, ఒక్కసారే దిగాలి. నీలం పిడి ఆయన చేతిలో ముందుకూ వెనక్కూ కదలడం వింటూ కూర్చున్నాను. చక్రం గడ్డిని తాకింది.

ఐదున్నరకు మీరు ఎక్కినప్పుడు రెక్క పట్టుకున్నది నేనే. అప్పటికి మబ్బులు కరిగిపోయాయి, గాలి కదలడం లేదు. ఆరు నిమిషాల్లో దిగివచ్చారు. మూత ఎత్తి మొదట అడిగిన మాట, "అమ్మాయీ, గద్ద కనిపించిందటగా?" అని.

వచ్చే ఆదివారం పొద్దున్నే వస్తాను. నా పేరు ఐదున్నరకు రాయండి. రెండున్నర వంతు మీది. రెక్క నేను పట్టుకుంటాను.